ఒకటుండగా ఇంకోటెందుకు? - రెండో కెమెరా కథ

(రేడియో ప్రసంగ పాఠం)

దోహా నుంచి మాట్లాడుతున్నాను.

నేను ఐటీ కన్సల్టెంటుని. పొద్దున లేచిన దగ్గర్నించీ వేరేవాళ్ళ కంపెనీలకి వెళ్ళి "అయ్యా, సర్వర్ ఒకటే ఉంటే చాలదు, అది పడిపోతే అందుకోవడానికి రెండోది సిద్ధంగా ఉండాలి" అని చెప్పి డబ్బు పుచ్చుకునే ఉద్యోగం. అదే మాట ఇంట్లో కెమెరా గురించి అంటే మాత్రం మా ఆవిడ దగ్గర చెల్లలేదు. "ఒకటుండగా ఇంకోటెందుకు? వండుకు తింటామా?" అంది. అదీ మామూలు కెమెరా కాదాయె, ఫిల్మ్ కెమెరా. జేబులో ఫోను పెట్టుకుని ఫిల్మ్ కెమెరా మోసేవాణ్ణి మా ఆఫీసులో కూడా వింతగానే చూస్తారు.

ఆవిడ ప్రశ్నకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత వెతికితే, ఆ ప్రశ్నకి డెబ్భై ఎనభై ఏళ్ళ చరిత్ర ఉందని తెలిసింది. అందులో కొంత మన ఇళ్ళలోనే ఉంది. ఇవాళ ఆ సంగతులు చెబుతాను.

ముందు రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో. కారు నడుపుతూ వింటున్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు ఒక పని చెయ్యండి. చూపుడువేలు ముఖం ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండో కన్ను మూసి చూడండి. వేలు పక్కకి గెంతినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ గెంతుతుంది, దూరంగా ఉంటే తక్కువ. ఆ గెంతుని కొలిస్తే దూరం తెలిసిపోతుంది. యుద్ధనౌకల మీద ఫిరంగుల గురి చూడడానికి వాడిన పరికరాలు ఈ సూత్రం మీదే పనిచేశాయి. దాన్నే చిన్నది చేసి కెమెరా నెత్తిన పెట్టారు. కెమెరాకి రెండు చిన్న కిటికీలుంటాయి, మన రెండు కళ్ళలాగా. లోపల చూస్తే బొమ్మ మధ్యలో ఇంకో లేత బొమ్మ. లెన్స్ తిప్పుతుంటే ఆ రెండూ దగ్గరకొచ్చి ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. కూర్చున్నాయంటే ఫోకస్ కుదిరినట్టు.

జర్మనీలో వెట్స్‌లార్ అనే ఊళ్ళో ఆస్కార్ బార్నాక్ అనే ఆయన సినిమా ఫిల్మ్‌తో పనిచేసే చిన్న కెమెరా నమూనా ఒకటి 1914 ప్రాంతాల్లో తయారు చేశాడు. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చివరికి 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా పేరుతో అమ్మకానికి పెట్టారు. దానికి రేంజ్‌ఫైండర్ లేదు. దూరం కొలవడానికి వేరే పరికరం నెత్తిన తగిలించుకుని, అందులో అంకె చూసి, లెన్స్ మీద అదే అంకె పెట్టుకోవాలి. ఆ రెండింటినీ కలిపి ఒకే యంత్రం చేసింది 1932లో, లైకా 2తో. అదే ఏడాది డ్రెస్డెన్ నుంచి జైస్ ఐకాన్ వాళ్ళు కాంటాక్స్ దించారు. అక్కణ్ణించి ఇరవై అయిదేళ్ళకు పైగా ఈ రెండు కంపెనీలకీ పోటీ.

ఆ పోటీలో నాకు కావలసిన ముక్క ఒకటుంది, షట్టర్. ఫిల్మ్ ముందు తెరలాంటిది ఉంటుంది కదా, క్షణంలో తెరుచుకుని మూసుకునేది. లైకా వాళ్ళు దాన్ని రబ్బరు పూత పూసిన గుడ్డతో చేశారు, అడ్డంగా నడుస్తుంది. కాంటాక్స్ వాళ్ళు సన్నటి లోహపు పట్టీలతో చేశారు, మన షాపులకుండే మడత షట్టర్ మాదిరి, నిలువుగా నడుస్తుంది. గుడ్డ తెర చప్పుడు తక్కువ, బాగుచేయడం తేలిక. లోహపు తెరలో పట్టీల్ని నడిపే పట్టు రిబ్బన్లు తెగితే మాత్రం మరమ్మతు చేసేవాడికి చుక్కలు కనిపిస్తాయి. ఆ పోటీలో గుడ్డే గెలిచింది.

ఆ మెత్తటి చప్పుడు విలువ తెలిసిన మనిషి ఆన్రీ కార్తియే-బ్రెసాన్. ఫ్రెంచి ఆయన, మన దేశం చాలాసార్లు వచ్చాడు. 1948 జనవరి 30 మధ్యాహ్నం గాంధీగారిని కలిశాడు. ఆయన అక్కణ్ణించి వెళ్ళిన కొద్దిసేపటికే గాంధీగారిని కాల్చేశారు. 1950 ఏప్రిల్‌లో అరుణాచలంలో రమణ మహర్షి చివరి రోజుల్ని ఫోటోలు తీసిందీ ఆయనే. మహర్షి వెళ్ళిపోయిన రాత్రి ఆకాశంలో ఒక వెలుగు కదిలి వెళ్ళడం చూసి గడియారం చూసుకున్నానని ఆయన చెప్పిన మాట ఆశ్రమం పుస్తకాలు చదివినవాళ్ళకి తెలిసే ఉంటుంది. జబ్బు మనిషి గదిలో, భక్తులు నిశ్శబ్దంగా కూర్చున్న చోట, టపటపలాడే కెమెరా పనికిరాదు. ఆయన పనిలో చాలా భాగం లైకా, 50 మి.మీ. లెన్స్, అంతే. ఆయన్ని చూసి "ఒకటి చాలు" అనుకునే మాలాంటివాళ్ళు లోకంలో చాలామంది. మా ఆవిడ కూడా అదే పక్షమన్నమాట, తెలియకుండానే.

నా మొదటిదీ లైకానే, ఎం3. నాకన్నా వయసులో చాలా పెద్దది. ఇక్కడ ఒక ప్రాజెక్టులో పనిచేసి ఇంటికి వెళ్ళిపోతున్న జర్మన్ సహోద్యోగి దగ్గర కొన్నాను. లెన్స్ కూడా అతనే ఇచ్చాడు, 50 మి.మీ.ది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మా బాపు ఖతార్‌లో పదమూడేళ్ళు పనిచేశాడు. 1983లో కరీంనగర్ దగ్గర మా ఊరి నుంచి వచ్చాడు. ఉమ్ సయీద్‌లో, అంటే ఇప్పుడు మెసయీద్ అంటున్నాం కదా, అక్కడ ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. అమ్మ మాత్రం ఎప్పుడూ ఈ దేశం చూడలేదు. నేను ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డాక, ఒక ఫిబ్రవరిలో ఇద్దర్నీ పిలిపించుకున్నాను. బాపు దగ్గర ఒక పాత ఫోటో ఉంది. 1986లో, షెరాటన్ హోటల్ ముందు నిలబడి, స్నేహితుడెవరో తీసినది. పిరమిడ్‌లాంటి ఆ హోటలు 1982లో తెరిచారు. ఆ ఫోటోలో దాని చుట్టూ ఏమీ లేదు, ఇసుకా ఆకాశమూ తప్ప. ఇప్పుడక్కడ అద్దాల మేడల మధ్య దాన్ని వెతుక్కోవాలి. అదే చోట అమ్మతో కలిపి ఫోటో తీయాలని మా ఉబలాటం.

సాయంత్రం నాలుగు దాటింది. కార్నిష్‌లో గోడ మీద కెమెరా పెట్టి, అందరికీ కరక్ చాయ్ తేవడానికి వెళ్ళాను. లెన్సుకి మూత పెట్టలేదు. లెన్స్ ముఖం పడమటి వైపు ఉంది. ఎండ పెద్దగా లేదు కదా అనుకున్నాను.

ఎస్సెలార్ కెమెరాలో లెన్స్ వెనక అద్దం ఉంటుంది, వెలుతురుని పైకి తిప్పేస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో అద్దం లేదు. లెన్సు లోంచి వచ్చింది వచ్చినట్టు పోయి షట్టర్ తెర మీద పడుతుంది. దూరానికి ఫోకస్ పెట్టి ఉంటే సూర్యుడి బొమ్మ సరిగ్గా తెర మీద చుక్కలా కూర్చుంటుంది. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చలేదూ? అదే. కాంటాక్స్ లోహపు తెరకి ఆ భయం చాలా తక్కువ. మరి మూత పెట్టుకోవచ్చు కదా అంటారు. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది పక్క కిటికీలోంచి, లెన్సులోంచి కాదు. మూత ఉన్న సంగతి కంటికి కనపడదు. మూతతోనే రీలంతా తీసి, కడిగాక తెల్లబోయినవాళ్ళు మా మతంలో ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అందుకని మూత జేబులో పడేస్తాం.

తెరకి సూది బెజ్జమంత కన్నం పడింది. నాకు తెలియదు. ఆ నాలుగు రోజుల్లో మూడు రీళ్ళు తీశాను. షెరాటన్ ముందు, సూక్ వాకిఫ్‌లో, ఇంట్లో మనవరాలికి అమ్మ జడ వేస్తుంటే. నేను నలుపు-తెలుపు ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కుంటాను. (దోహాలో వేసవిలో అది పెద్ద యజ్ఞం. మందు 20 డిగ్రీల్లో ఉండాలి, డాబా మీద ట్యాంకులోంచి కుళాయిలో వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. ఐసు ముక్కలు వేసుకుంటూ కూర్చోవాలి.) వాళ్ళు తిరిగి వెళ్ళిన మూడు వారాలకి కడిగాను. ఆరుబయట తీసిన ప్రతి ఫోటోలోనూ ఒకే చోట తెల్లటి చుక్క. కన్నం తెరలో ఒకే చోట ఉంటుంది కదా, చుక్క కూడా అక్కడే పడుతుంది. షెరాటన్ ఫోటోలో అది అమ్మ ముఖం మీద పడింది.

బాపుకి ఫోన్ చేసి చెప్పాను. "గంత పైసలు వెట్టి కొన్న డబ్బకు బొక్క వడ్డదా బిడ్డా?" అన్నాడు. నవ్వాడు కూడా. అప్పటికి నవ్వుకోగలిగాం. ఆ బతుకమ్మ పండగ నాటికి అమ్మ లేదు.

సరే, రెండో కెమెరా చరిత్రకి వద్దాం.

కార్తియే-బ్రెసాన్ స్నేహితుడు రాబర్ట్ కాపా. 1947లో మాగ్నం అనే ఫోటోగ్రాఫర్ల సహకార సంస్థ పెట్టినవాళ్ళలో ఇద్దరూ ఉన్నారు. కాపా యుద్ధాల మనిషి. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున దిగినప్పుడు చేతిలో కాంటాక్స్ కెమెరాలే. పదేళ్ళ తర్వాత, 1954లో, ఒక పత్రికవాళ్ళ ఆహ్వానం మీద జపాన్ వచ్చి ఉండగా, ఇండోచైనా వెళతావా అని కబురొచ్చింది. వెళ్ళాడు. మే 25న ఎర్ర నది మైదానంలో ఫ్రెంచి సైన్యంతో నడుస్తూ మందుపాతర మీద కాలు వేసి చనిపోయాడు. ఆ రోజు ఆయన దగ్గర రెండు రేంజ్‌ఫైండర్లు ఉన్నాయి. కాంటాక్స్‌లో నలుపు-తెలుపు రీలు, నికాన్‌లో రంగుల రీలు. అదే గట్టు, అదే సైనికులు, రెండు రకాలుగా మనకి మిగిలారు.

రెండో బాడీ పుట్టుకకి అసలు కారణం ఇక్కడే ఉంది. ఈ కాలం పిల్లలకి చెబితే ఆశ్చర్యపోతారు. ఫిల్మ్ కెమెరాలో రీలు ఎక్కించావంటే అది 36 బొమ్మలయ్యేదాకా అదే. మధ్యలో రంగులు కావాలన్నా, చీకట్లో తీయాలన్నా, కుదరదు. ఇప్పుడు కెమెరాలో బొత్తాం నొక్కి మార్చేది అప్పుడు ఇంకో కెమెరాతో మార్చాలి. పత్రికలు రంగుల ఫోటోలు అడగడం పెరిగినకొద్దీ మెడలో రెండు పట్టీలు మామూలైపోయాయి.

రెండో కారణం లెన్సులు. లైకా ఎం3 కూడా ఆ 1954లోనే వచ్చింది. దాని వ్యూఫైండర్ బొమ్మని 0.91 వంతు చూపిస్తుంది. దాదాపు కంటికి కనిపించినంత. 50 మి.మీ. లెన్సుకి అంత హాయి ఇంకెక్కడా లేదు. కానీ 35 మి.మీ. లెన్సు చూసేంత వెడల్పు అందులో పట్టదు. పెళ్ళి పందిరంతా ఒక్క ఫోటోలో రావాలంటే 35 కావాలి. దానికి కళ్ళజోడులాంటి తగిలింపు ఒకటి పెట్టి అమ్మారు, చూడడానికి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. 1957లో మొదలుపెట్టిన ఎం2 ఆ చిక్కు తీర్చింది. 0.72 వంతు చూపిస్తుంది, 35కి గీతలున్నాయి, ధర కూడా తక్కువ. చాలామందికి ఎం3 మొదటిది, ఎం2 రెండోది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక అద్దమున్న కెమెరాలు లోకాన్ని ఏలాయి, ఈ గొడవ కొద్దిమందికి మిగిలింది.

పేదవాళ్ళ రెండో బాడీ కథ వేరే ఉంది, రష్యా కథ. సోవియట్ పుస్తకాలున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళు మకరెంకో పేరు వినే ఉంటారు. ఆయన అనాథపిల్లలతో నడిపిన ఖార్కోవ్ కమ్యూన్‌లోనే 1934 నుంచి లైకాని చూసి ఫెడ్ అనే కెమెరా తయారు చేశారు. యుద్ధం అయ్యాక కాంటాక్స్ యంత్రాలనే జర్మనీ నుంచి పరిహారం కింద తీసుకుపోయి 1947 నుంచి కీవ్ కెమెరాలు చేశారు. లోహపు తెర మీద ఆశతో కీవ్ కొందామని నేను చాలా రోజులు ఊగిసలాడాను కూడా.

అలా జాబితా వేసుకుంటే, నా కేసు ఇలా తేలింది. కీవ్‌కి కాంటాక్స్ లెన్సులే పడతాయి, నా లెన్స్ పట్టదు. కెనాన్ వాళ్ళు 1950ల చివర నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు తెరలు పెట్టారు, కాస్త నలుగుతాయేమో గానీ కాలవు. కెనాన్ పి చాలా నచ్చింది. కానీ అది మర లెన్సుల కెమెరా. మర లెన్సుని చిన్న రింగు పెట్టి ఎం బాడీకి తగిలించవచ్చు, ఎం లెన్సుని మర బాడీకి తగిలించలేం. ఎం2 అందమైనదే, మళ్ళీ గుడ్డ. కొత్త లైకా ఫిల్మ్ కెమెరాలూ, 2022లో మళ్ళీ తెచ్చిన ఎం6తో సహా, గుడ్డే. నా ఊరు దోహా. ఇక్కడ గుడ్డ మీద గుడ్డ కొనడం బుద్ధి తక్కువ పని. కొనికా హెక్సార్ ఆర్ఎఫ్, 1999ది, లోహపు తెర, మోటారు. బ్యాటరీ లేకపోతే ఇటుక. జైస్ ఐకాన్ పేరుతో 2005లో వచ్చినది వ్యూఫైండర్‌లో అన్నిటికన్నా వెలుతురు, 2012లో ఆపేశారు, ధర చూసి మా ఆవిడకి చెప్పలేదు.

చివరికి తీసుకున్నది ఫోక్ట్‌లాండర్ బెస్సా ఆర్2ఎం. పేరు 1756లో వియన్నాలో మొదలైన కంపెనీది. చేసింది జపాన్ నాగానోలో కోసినా వాళ్ళు, 1999 నుంచి ఆ పేరు వాడుకుంటున్నారు. 2006 మోడల్, 2015 నాటికి బెస్సాలన్నీ ఆగిపోయాయి. నిలువుగా నడిచే లోహపు తెర. షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు, లోపలి మీటరుకి తప్ప. నా లెన్స్ పడుతుంది, 35కి గీతలున్నాయి. లోపాలు లేవని కాదు. ఎం3 పక్కన పెడితే చప్పుడు ఎక్కువ, రేంజ్‌ఫైండర్ కిటికీల మధ్య దూరం తక్కువ కాబట్టి పెద్ద లెన్సులతో గురి అంత గట్టిగా కుదరదు. అరుణాచలంలో ఆ గదిలోకైతే దీన్ని పట్టుకెళ్ళను. ఎడారికి ఇదే సరి. ఎం3 తెర మార్పించాను, అది ఇప్పుడు ఇంట్లో, నీడలో పనిచేస్తోంది.

ఈ దేశం ఫోటోలకి ఎండ ఎప్పుడూ మొదటి ప్రశ్నే అనుకుంటాను. హెర్మన్ బుర్ఖార్ట్ అనే జర్మన్ యాత్రికుడు 1904లో తీసినవి దోహాకి ఉన్న అతి పాత ఫోటోల్లో చేరతాయి. 1959లో డెన్మార్క్ నుంచి క్లాస్ ఫెర్డినాండ్ అనే పరిశోధకుడితో కలిసి యెట్టే బాంగ్ అనే ఆవిడ ఇక్కడి బెడూయిన్ల గుడారాల మధ్య ఉండి ఫోటోలు తీసింది. అంతకుముందు ఆవిడ పేరుపొందింది గ్రీన్లాండ్ మంచులో తీసిన ఫోటోలకి. మంచు నుంచి ఇసుకకి వచ్చిన మనిషి కెమెరాని ఎలా కాపాడుకుందో నాకు కుతూహలం.

ఇప్పుడు మా ఆవిడ ప్రశ్నకి. ఆ ఫిబ్రవరిలో కెమెరాలు రెండున్నాయి. బాపు తనది తెచ్చుకున్నాడు. యాశికా ఎలక్ట్రో 35. అదీ రేంజ్‌ఫైండరే. గల్ఫ్ వెళ్ళిన మనవాళ్ళు టేప్‌రికార్డరు, గడియారం, సెంటు సీసాలతో పాటు తెచ్చిన యాశికా ఎన్ని ఇళ్ళలో బీరువా పై అరలో ఉందో మీకు తెలుసు. 1966లో జపాన్‌లో మొదలైన మోడల్. బాపుది 1973 నుంచి వచ్చిన జీఎస్ఎన్ రకం, 1985లో దోహాలోనే కొన్నాడు. మన దేశంలో అప్పుడు దిగుమతి కెమెరా అంటే లైసెన్సులూ సుంకాలూ. ఊటీలో చేసిన ‘ఇందు’ ఫిల్మ్ దొరికేది గానీ దాన్ని వేసుకోవడానికి మంచి కెమెరా సామాన్యుడికి దొరకడమే కష్టం. యాశికాకి ఎఫ్ 1.7 లెన్స్ ఉంది, దాన్ని ఊడదీయడం కుదరదు. వెలుతురుని అదే కొలుచుకుని వేగం అదే పెట్టుకుంటుంది. ఎక్కువైతే ఎర్ర లైటు, తక్కువైతే పసుపు లైటు. చదువు లేనివాడు కూడా తీయగలడు. అందుకే అన్ని లక్షలు అమ్ముడుపోయింది. మేం ‘అసలు’ కెమెరాలవాళ్ళం దాన్ని లెక్కలోకి తీసుకోం.

దాని షట్టర్ గుడ్డ కాదు. లెన్సు మధ్యలోనే ఉండే లోహపు రేకులు. సూర్యుడి చుక్క అక్కడ కుదురుగా పడదు. అదే గోడ మీద, నా ఎం3 పక్కనే అది కూడా ఉంది.

బాపు తీసింది ఒక్క రంగుల రీలు. కరీంనగర్‌లో కడిగించాడు. అందులో షెరాటన్ లేదు. ఆయనకి ఆ ఫోటో నేను తీస్తున్నాను కదా అని ఊరుకున్నాడు. అమ్మ కరక్ కాగితం కప్పు పట్టుకుని, నాలుక కాలి, ముఖం చిట్లించిన ఫోటో ఒకటి ఉంది. ఎక్కడా చుక్క లేదు. మా ఇంట్లో గోడకి ఉన్నది అదే. నేను తీసినవాటిలో నీడపట్టున తీసిన జడ ఫోటో ఒకటి బాగుంది, అది మా అమ్మాయి గదిలో ఉంది.

బెస్సా కొన్నాక బాపుకి ఫోన్‌లో చెప్పాను. "లైటు ఎలుగుతదా?" అని అడిగాడు. లోపల ఎర్ర అంకెలు వెలుగుతాయి బాపూ అన్నాను. తన కళ్ళకి శుక్లాలు వచ్చాయి, యాశికాలో రెండు బొమ్మలు కలిసేది ఇప్పుడు కనిపించడం లేదట. "నా దాన్ని గూడ నువ్వే తీస్కపో" అన్నాడు.

యాశికాకి ఒక జబ్బు ఉంది. మీ ఇంట్లో ఉంటే మీరూ చూసుకోండి. ఫిల్మ్ ముందుకి తిప్పే లీవరు చివరిదాకా లాగితే లోపల ‘ఠక్’ మని వినపడాలి. వినపడలేదంటే లోపలి రబ్బరు ముక్క ఒకటి పిండైపోయిందన్నమాట, వెలుతురు లెక్క తప్పుతుంది. అది మార్పించవచ్చు. పాత పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు, కొత్త బ్యాటరీకి చిన్న తొడుగు వేసుకోవాలి. బాపుని ఫోన్ దగ్గర పెట్టి లీవరు లాగమన్నాను. రెండుసార్లు లాగాడు. ఏమీ వినపడలేదు.

వచ్చే శుక్రవారం మా పెదబాపు కొడుకు దోహా వస్తున్నాడు, సంచిలో దాన్ని పెట్టి పంపుతున్నారు. రబ్బరు ముక్క తెప్పించి ఉంచాను.